కేసు షీటులోని మాట ఎవరి సొత్తు?

ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో మనం చెప్పిన సంగతులు, అక్కడ తీసిన రిపోర్టులు ఎవరెవరి చేతికి వెళుతున్నాయన్న విషయంపై ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో కంప్యూటర్ల గురించి అడిగినవి తక్కువ. ఎక్కువ ఉత్తరాలు మనుషుల గురించే ఉన్నాయి: అత్తగారికి అంతా చెప్పేసిన డాక్టరు, మంచానికి అట్ట కట్టిన ఆసుపత్రి, వీధిలో జబ్బు పేరు చెప్పి ఇల్లు అడిగిన కార్యకర్త. ముప్పై ఏళ్లుగా ఒక జిల్లా కేంద్రంలో చిన్న క్లినిక్ నడుపుతున్న వైద్యుడిగా ఈ ఉత్తరాలు చదువుతూ బాధపడ్డాను. ఉత్తరాలు రాసినవారి పేర్లను, వారిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను తీసివేసి, జిల్లా పేరు మాత్రం ఉంచి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కలగలేదని స్త్రీల వైద్యురాలికి చూపించుకున్నాను. పెళ్లికి ముందు ఒకసారి ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకున్న సంగతి, చికిత్సకు అవసరమని ఆమె అడిగితే నిజం చెప్పాను. మరుసటి వారం మా అత్తగారు ఒక్కరే వెళ్లి "మా కోడలికి ఏమిటి ఇబ్బంది?" అని అడిగితే, ఆమె ఆ సంగతితో సహా అన్నీ చెప్పేశారు. డాక్టరుకు అలా చెప్పే అధికారం ఉందా? — ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: లేదమ్మా. ఈ విషయంలో రెండో మాటకు తావు లేదు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో చేసిన నిబంధనలు నేటికీ అమలులో ఉన్నాయి. వృత్తిలో భాగంగా తెలిసిన రోగి రహస్యాన్ని వైద్యుడు వెల్లడించరాదని చెబుతూ, అవి మూడే మినహాయింపులు ఇచ్చాయి: న్యాయమూర్తి ఆదేశం మేరకు కోర్టులో చెప్పడం, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు చెప్పడం, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపవలసిన జబ్బుల గురించి తెలపడం. "కోడలి సంగతి అత్తగారు అడిగారు" అన్నది ఈ మూడింటిలో దేని కిందికీ రాదు. పైగా గర్భస్రావాలకు సంబంధించిన 1971 చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, ఆ చట్టం కింద గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరును గాని, ఇతర వివరాలను గాని చట్టం అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప మరెవరికీ వైద్యులు చెప్పరాదు. చెబితే ఏడాది వరకు జైలు శిక్షగాని, జరిమానాగాని, రెండూ గాని పడవచ్చు. ఇందులో అత్తగారికే కాదు, భర్తకు కూడా ప్రత్యేకమైన హక్కేమీ లేదు. మేజరైన స్త్రీ గర్భస్రావానికి ఆమె ఒక్కరి సమ్మతి చాలునని, భర్త సంతకం అక్కర్లేదని అదే చట్టం చెబుతున్నది.

ఆ వైద్యురాలు పగతో చెప్పి ఉంటారని నేను అనుకోను. మన ఊళ్లలో కోడలి వెంట అత్తగారు వస్తారు, ఫీజు అత్తగారే కడతారు, రిపోర్టులున్న కవరు కూడా ఆవిడ ఒళ్లోనే ఉంటుంది. కుర్చీలో కూర్చున్న రోగిని వదిలి, పక్కన నిలబడ్డ పెద్దావిడకు చెప్పడం మాకు తెలియకుండానే అలవాటైపోతుంది. చిన్న క్లినిక్‌లలో గోప్యతకు తగిలే దెబ్బలలో ఎక్కువ ఈ అలవాటు వల్లనే తగులుతున్నాయని నా అనుభవం. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. "పరీక్ష చేయాలి, మీరు ఐదు నిమిషాలు బయట కూర్చోండి" అంటే కాదనే అత్తగారు ఎక్కడా ఉండరు. ఆ ఐదు నిమిషాలలో రోగిని "మీ విషయం ఎవరికి చెప్పవచ్చు?" అని అడిగి, ఆమె చెప్పిన పేరును కేసు షీటు మొదటి పేజీలోనే రాసుకోవాలి. ఎవరికీ వద్దంటే ఆ మాటే రాయాలి. ఆ తరువాత ఎవరు ఒంటరిగా వచ్చి అడిగినా "ఆమెను వెంటబెట్టుకుని రండి" అన్న ఒక్క జవాబే ఇవ్వాలి.

మీరు చేయగలిగినవి చెబుతాను. ఇంట్లో మీకు ప్రమాదం ఉందనిపిస్తే మిగిలినవన్నీ పక్కనపెట్టి ముందు 181 మహిళా సహాయవాణికి ఫోన్ చేయండి. భద్రంగా ఉన్నామనుకున్నాక, జరిగినది తేదీలతో రాసి రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుడు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు వెల్లడించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది కాబట్టి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. చికిత్సను మాత్రం ఆపవద్దు. మరొక వైద్యురాలి దగ్గరికి వెళ్లినప్పుడు నోరు విప్పే ముందే "ఇది మీకూ నాకూ మధ్యనే ఉండాలి" అని చెప్పండి. పాత సంగతి ఆమెకు చెప్పకుండా దాచకండి, అది మీ చికిత్సకు అవసరం.

ప్రశ్న: పోయిన ఏడాది మా అమ్మకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు మరొక డాక్టరుకు చూపించాలని కేసు షీటు కాపీ అడిగితే "అది ఆసుపత్రి ఆస్తి, బయటకు ఇవ్వం" అంటున్నారు. నాలుగుసార్లు తిరిగాను. — ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

సమాధానం: ఆ కాగితాల కట్ట ఆసుపత్రి దగ్గర ఉండవలసినదే, అంతవరకు వారి మాట సరైనదే. కాపీ మాత్రం మీ అమ్మగారి హక్కు. చేర్చుకుని చికిత్స చేసిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలని, రోగిగాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తిగాని అడిగితే 72 గంటలలోగా ఇవ్వాలని పైన చెప్పిన 2002 నిబంధనలలోనే ఉన్నది. ఏడాదే అయింది కాబట్టి రికార్డు వారి దగ్గర ఉండి తీరాలి.

నాలుగుసార్లు తిరిగినా కౌంటరు దగ్గర నోటిమాటగా అడిగి ఉంటారని మీ ఉత్తరాన్ని బట్టి తోస్తున్నది. ఈసారి కాగితం మీద అడగండి. రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు), చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాసి, "కేసు షీటు, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు రికార్డు, నర్సుల చార్టు, ల్యాబ్, స్కానింగ్ రిపోర్టులు" అని విడివిడిగా పేర్కొనండి. ఒట్టిగా "రికార్డులు" అని రాస్తే డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు ఒకటి చేతిలో పెట్టి పంపించివేయడం మామూలే. "నా రికార్డుల కాపీలు మా అబ్బాయికి ఇవ్వండి" అని అమ్మగారు సంతకం చేసిన ఉత్తరాన్ని జతపరచండి. ఈ సంతకం లేకపోతే వారు ఇవ్వకపోవడమే న్యాయం. కొడుకునని చెప్పినవారందరికీ ఫైలు ఇచ్చే ఆసుపత్రి మీ అమ్మగారిని కాపాడినట్లు కాదు. రెండో ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జిరాక్సు ఖర్చు మీరు భరించవలసి రావచ్చు.

72 గంటలు దాటితే జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారికి, తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వేయవచ్చు. మీరు ఆసుపత్రికి చెల్లించినది 5 లక్షల రూపాయలలోపైతే అక్కడ ఫిర్యాదు రుసుము లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఇందులో సందేహాలుంటే వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మూడేళ్ల నియమం ఆసుపత్రిలో చేర్చుకున్నవారి రికార్డులకే వర్తిస్తుంది. ఓపీలో చూపించుకుని వెళ్లేవారి చీటీకి చాలా క్లినిక్‌లలో నకలు కూడా ఉండదు. మీరు బీరువాలో పెట్టుకున్న ప్లాస్టిక్ కవరే మీ రికార్డు గది, దానిని పోగొట్టుకోకండి.

ప్రశ్న: నేను అమెరికాలో డల్లాస్‌లో ఉంటాను. విజయవాడలో ఉన్న మా నాన్నగారికి (71) పెద్దప్రేగు క్యాన్సర్ అని తేలింది. ఆయన తట్టుకోలేరని, ఆయనకు చెప్పవద్దని, వివరాలన్నీ నాకు చెప్పమని డాక్టరు గారిని ఫోన్‌లో కోరాను. "ముందు మీ నాన్నగారితో మాట్లాడతాను, ఆయన సరేనంటే మీతో మాట్లాడతాను" అన్నారు. ఇది మరీ కఠినంగా లేదా?

సమాధానం: మీ బాధ నాకు అర్థమైంది. అయినా ఆ డాక్టరు చేసినదే సరైన పని. మీరుంటున్న దేశంలో రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని చెప్పే హిప్పా చట్టం 1996 నుంచి ఉన్నది. రేపు మీకే ఏదైనా జబ్బు చేస్తే, మీకు చెప్పకుండా ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసిన డాక్టరును అక్కడ మీరు ఒప్పుకుంటారా? విజయవాడలో ఉన్నంత మాత్రాన మీ నాన్నగారి హక్కు తగ్గిపోదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది, అది 71 ఏళ్ల తండ్రికి కూడా వర్తిస్తుంది.

రోగికి, అతని బంధువులకు, బాధ్యత గల మిత్రులకు పరిస్థితి ఎంతవరకు తెలిస్తే రోగికీ కుటుంబానికీ మేలో అంతవరకు తెలిసేలా చూడాలని, తీవ్రతను పెంచీ తగ్గించీ చెప్పరాదని 2002 నిబంధనలలో ఒక మాట ఉన్నది. కుటుంబాన్ని పూర్తిగా బయట నిలబెట్టమని మన నియమాలు చెప్పడం లేదన్నమాట. అయితే ఆ మాటను పట్టుకుని రోగిని బయట నిలబెట్టి కుటుంబాన్ని లోపల కూర్చోబెట్టడం మన దగ్గర ఆచారమైపోయింది. "గ్యాస్ సమస్య" అని చెప్పి కీమో ఎక్కించిన పెద్దలను నేను చూశాను. వారిలో ఒకాయన, తనకు అంతా తెలుసునని, పిల్లలు బాధపడతారని తెలియనట్లు ఉంటున్నానని నాతో అన్నారు. బయట వరండాలో ఆయన కొడుకు, నాన్నకు తెలియకూడదని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరికొకరు చెప్పుకోవలసిన మాటలు చెప్పుకోకుండా ఆ ఆరు నెలలు గడిపారు.

వివరాలు తెలుసుకోవాలా వద్దా అన్నది మీ నాన్నగారే తేల్చుకోవాలి. "నాకేమీ చెప్పవద్దు, మా అబ్బాయికి చెప్పండి" అనే హక్కు కూడా ఆయనకు ఉన్నది. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచి రాకూడదు. ఆయన ఒప్పుకుంటే మీ పేరు, ఫోన్ నంబరు రాసి సంతకం చేసిన అధికార పత్రాన్ని ఫైలులో పెట్టించండి. ఫోన్‌లో మాట్లాడుతున్నది మీరేనని గుర్తించడానికి ఆసుపత్రి మిమ్మల్ని రెండు మూడు ప్రశ్నలు అడిగితే విసుక్కోకండి. వీలైతే, ఆయనకు చెప్పే రోజున వీడియో కాల్‌లో పక్కన ఉండండి.

ప్రశ్న: మా తమ్ముడికి హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. వార్డులో అతని మంచానికి ఎర్ర అక్షరాలతో అట్ట కట్టారు. కేసు షీటు అట్ట మీద కూడా రాశారు. చూడటానికి వచ్చిన బంధువులందరికీ తెలిసిపోయింది. అతని భార్యకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. — ఒక పాఠకురాలు, తూర్పుగోదావరి జిల్లా

సమాధానం: తెలియకూడని వారందరికీ తెలిసింది, తెలియవలసిన మనిషికి తెలియలేదు. ఈ రెండు తప్పులూ జరగకూడదనే 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేశారు, 2018 సెప్టెంబరు నుంచి అది అమలులో ఉన్నది.

ఆ చట్టం ప్రకారం మీ తమ్ముడి సమ్మతి రాతపూర్వకంగా ఉంటే తప్ప అతని హెచ్‌ఐవీ స్థితిని ఎవరూ బయటపెట్టరాదు. చికిత్స చేస్తున్న వైద్య సిబ్బంది, చికిత్సకు అవసరమైనంత మేరకు తమలో తాము చెప్పుకోవడం దీనికి మినహాయింపు. మంచానికి అట్ట కడితే అది చూసేది పళ్లు తీసుకుని వచ్చిన చుట్టాలు, పక్క మంచం వారు, ఊడ్చే మనిషి. వీరెవరూ చికిత్సలో భాగం కారు. సిబ్బంది రక్షణ కోసమే కట్టామని ఆసుపత్రి చెప్పవచ్చు గాని ఆ వాదన నిలబడదు. గ్లవ్స్, సూదులను పారవేసే పద్ధతి, రక్తం తగిలినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ప్రతి రోగి విషయంలోనూ ఒకే విధంగా పాటించాలి. ఎందుకంటే వార్డులో పరీక్ష చేయని రోగులు ఎప్పుడూ ఉంటారు, నిన్ననే సోకినవారికి పరీక్షలో కనబడకపోవచ్చు. అట్ట ఉన్న మంచం దగ్గరే జాగ్రత్తపడే సిబ్బంది మిగిలిన మంచాల దగ్గర ప్రమాదంలో ఉన్నట్లే.

భార్య సంగతి. ఆమెకు తెలియడం అవసరం, పరీక్ష, అవసరమైతే చికిత్స ఆమెకు కూడా అందాలి. ముందుగా మీ తమ్ముడే స్వయంగా చెప్పేలా కౌన్సెలింగ్ ఇస్తారు. అతను చెప్పడని వైద్యుడికో కౌన్సెలర్‌కో నమ్మకం కుదిరితే, ఆమెకు ముప్పు ఉందని తోస్తే, "నేను చెప్పబోతున్నాను" అని ముందుగా అతనికి తెలిపి, ఆమెకు ఎదురుగా కూర్చుని, కౌన్సెలింగ్ ఇచ్చి చెప్పవచ్చు. ఫోన్‌లోనో, మూడో మనిషి ద్వారానో చెప్పడానికి వీలులేదు. ఇదే చట్టంలో ఆడవారి కోసం పెట్టిన ఒక రక్షణ గురించి కూడా చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్నది భార్యకైతే, ఆ సంగతి భర్తకు తెలియడం వల్ల ఆమెను కొట్టవచ్చునని, వదిలేయవచ్చునని సహేతుకమైన భయం ఉంటే, భర్తకు చెప్పరాదు.

20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ఆసుపత్రి ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ముందు ఆయనకు, ఆపైన ఫిర్యాదులను విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఈ చట్టం కింద నియమించే అంబుడ్స్‌మన్‌ అనే అధికారికి రాయవచ్చు. కోర్టుకు వెళ్లవలసి వస్తే, పేరు బయటకు రాకుండా కేసు నడిపించమని కోరే వీలున్నది. 1097 సహాయవాణికి పేరు చెప్పకుండానే ఫోన్ చేయవచ్చు. అట్టను మాత్రం ఈ రోజే తీయించండి.

ప్రశ్న: మా అబ్బాయికి క్షయ అని ప్రైవేటు డాక్టరు చెప్పారు. వారం తిరగకముందే ఆశా కార్యకర్త వచ్చి, మా వీధి మొదట్లో "టీబీ అబ్బాయి ఇల్లు ఏది?" అని అడిగిందట. డాక్టరు మా సంగతి ప్రభుత్వానికి ఎందుకు చెప్పారు? — ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

సమాధానం: డాక్టరు చెప్పి తీరాలి. 2012 నుంచి క్షయ తప్పనిసరిగా తెలపవలసిన జబ్బు. ప్రైవేటు వైద్యులు, ల్యాబులు, మందుల దుకాణాలు కూడా ప్రభుత్వానికి తెలపాలని, తెలపకపోతే శిక్షార్హమని 2018లో మరింత గట్టిగా ఉత్తర్వులిచ్చారు. ఆ వివరాలు నిక్షయ్ అనే పోర్టల్‌లో నమోదవుతాయి. మందులు మధ్యలో ఆపకుండా చూడటానికి, ఇంట్లో మిగిలినవారిని పరీక్షించడానికి, చికిత్స సాగినన్నాళ్లు నెలకు 1,000 రూపాయల పోషకాహార సహాయం బ్యాంకు ఖాతాలో వేయడానికి ఆ నమోదే ఆధారం. అందుకు మీరు బాధపడవద్దు.

వీధిలో అడగడం మాత్రం తప్పే. తెలపవలసినది ఆరోగ్యశాఖకు, వీధికి కాదు. ఆశా కార్యకర్త మీద కోపం పెట్టుకోకుండా, ఆమె పైనున్న ఏఎన్‌ఎంకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికో సంగతి చెప్పండి. తరువాతిసారి ముందుగా ఫోన్ చేసి రమ్మని, మందులకు మీరే కేంద్రానికి వస్తామని అడగవచ్చు. ఇంటి పేరుతోనో, తండ్రి పేరుతోనో ఇల్లు అడిగితే పని జరిగిపోతుంది, జబ్బు పేరు నోట రావలసిన పని లేదు.

ప్రశ్న: ఉద్యోగంలో చేరే ముందు కంపెనీ చెప్పిన డయాగ్నొస్టిక్ సెంటర్‌లో పరీక్షలు చేయించుకున్నాను. రిపోర్టులు నాకు ఇవ్వకుండా నేరుగా హెచ్‌ఆర్‌కు పంపారు. — ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: రక్తం ఇచ్చే ముందు మీతో సంతకం చేయించుకున్న ఫారం కాపీ అడిగి తీసుకుని చదవండి. చాలావరకు ఆ అనుమతి అందులోనే ఉంటుంది, మనం చదవకుండా సంతకం పెడతాము. వైద్య రికార్డులు, శారీరక, మానసిక ఆరోగ్య స్థితి సున్నితమైన వ్యక్తిగత సమాచారమని, రాతపూర్వక సమ్మతితోనే సేకరించాలని ఐటీ చట్టం కింద 2011లో చేసిన నియమాలు చెబుతున్నాయి. "ఉద్యోగానికి తగినవారు" అన్న ఒక్క వాక్యం కంపెనీకి వెళితే చాలు, షుగరు అంకెలు వెళ్లనక్కర్లేదు అని రాసి అడిగే హక్కు మీకు ఉన్నది. మీ రిపోర్టు మీకు ఇవ్వమని కూడా అడగండి. హెచ్‌ఐవీ పరీక్షను ఉద్యోగానికి షరతుగా పెట్టడం 2017 చట్టం ప్రకారం నిషిద్ధం.

ప్రశ్న: ఆసుపత్రి ఓపీ కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆభా నంబరు ఇవ్వమంటున్నారు. ఇస్తే నా జబ్బులన్నీ అందరికీ కనబడతాయా? — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

సమాధానం: కనబడవు, మాస్టారూ. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల నంబరు ఆభా. ఆ నంబరు మీ రికార్డులను ఒకచోట కుప్ప పోయదు, తయారుచేసిన ఆసుపత్రి దగ్గరే అవి ఉంటాయి. మరొక ఆసుపత్రి చూడాలంటే మీ ఫోన్‌కు అభ్యర్థన వస్తుంది. ఏ రికార్డులు, ఎంతకాలం చూడవచ్చో మీరు ఒప్పుకుంటేనే వెళతాయి, ఇచ్చిన అనుమతిని తరువాత వెనక్కు తీసుకోవచ్చు. నంబరు తీసుకోవడం ఐచ్ఛికం, లేదని చెప్పినవారికి వైద్యం నిరాకరించరాదు. నా భయం వేరొకచోట ఉన్నది. వరుసలో నిలబడలేక ఫోన్‌ను కౌంటరులోని అమ్మాయి చేతికిచ్చి "నువ్వే చేయి తల్లీ" అనే పెద్దలు రోజూ నాకు కనబడుతున్నారు. ఆ క్షణంలో ఓటీపీ, అనుమతి రెండూ ఆమె చేతిలోకి వెళ్లిపోతాయి. స్కాన్ చేయడం కష్టమనిపిస్తే, పేరు చెప్పి మామూలు ఓపీ చీటీ రాయించుకోండి.

ప్రశ్న: మాది నలుగురు డాక్టర్లున్న నర్సింగ్ హోమ్. నేను రిసెప్షన్, రికార్డులు రెండూ చూస్తాను. డాక్టర్లు బయట ఉన్నప్పుడు రిపోర్టులను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతుంటాను. కొత్త చట్టం వచ్చిందని, ఇది నేరమని ఒకరు భయపెట్టారు. స్టోర్ రూమ్‌లో పదేళ్ల పాత ఫైళ్లు కూడా ఉన్నాయి, వాటిని ఏం చేయాలి? — ఒక పాఠకురాలు, నంద్యాల జిల్లా

సమాధానం: అడిగినందుకు సంతోషం. ఈ విషయంలో డాక్టర్ల కంటే మీ చేతిలోనే ఎక్కువ ఉన్నది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. మీ వంటి సంస్థలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. కంప్యూటరులోనో ఫోన్‌లోనో ఉన్న సమాచారానికి, కాగితం మీద నుంచి అందులోకి ఎక్కించిన సమాచారానికి ఇది వర్తిస్తుంది. మీరు రిపోర్టును ఫోటో తీసిన క్షణంలో అది ఆ చట్టం కిందికి వస్తుందన్నమాట. రోగి సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు రోగికి కల్పించాలి. సమాచారం బయటకు పొక్కితే ప్రతి రోగికీ, డేటా పరిరక్షణ బోర్డుకూ తెలపాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. చిన్న నర్సింగ్ హోమ్‌కు ఆ గరిష్ఠ మొత్తమే వేస్తారని కాదు, జరిగిన తప్పు తీవ్రతను బట్టి నిర్ణయిస్తారు. అయినా ఢిల్లీ ఎయిమ్స్ అంతటి సంస్థ సర్వర్లు 2022 నవంబరులో సైబర్ దాడికి గురై, రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతో నడిపించవలసి వచ్చిన సంగతి మనం మరచిపోరాదు.

చికిత్స కోసం డాక్టరుకు రిపోర్టు పంపడం నేరం కాదు. ఎలా పంపుతున్నారన్నది చూసుకోవాలి. మీ సొంత ఫోన్‌లో తీసిన ఫోటో గ్యాలరీలో మీ పిల్లల ఫోటోల పక్కన ఉంటుంది. అది తనంతట తానే మీ మెయిల్ ఖాతాలోకి కాపీ అవుతుంది, ఉద్యోగం మానేసిన తరువాత కూడా మీ దగ్గరే ఉండిపోతుంది. అటు డాక్టరు గారి ఫోన్‌లో కూడా ఇదే జరుగుతుంది. నర్సింగ్ హోమ్ తరఫున తాళం గల ఫోన్ ఒకటి కొనమని అడగండి. పేరున్న పైభాగాన్ని మడిచి, ఐపీ నంబరు మాత్రం కనబడేలా ఫోటో తీయండి. వాట్సాప్‌లో ఫోటోలు గ్యాలరీలోకి దిగే సెట్టింగును ఆపివేయండి. జవాబు రాగానే, దానిని కేసు షీటులో రాశాక, ఫోటోను తొలగించండి. పదిమంది ఉన్న గ్రూపులో ఎప్పుడూ పెట్టవద్దు. రోగి నంబరుకు రిపోర్టు పంపేముందు, ఆ నంబరు రోగిదేనా, భర్తదా, కొడుకుదా అని అడిగి తెలుసుకోండి.

రిసెప్షన్ గురించి నా క్లినిక్‌లో జరిగిన తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్లు మా ఓపీ రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉండేది. వచ్చినవారు తమ టోకెన్ వచ్చిందో లేదో చూసుకోవడానికి పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపేవారు. తమ పేరు దొరికేలోపు పైనున్న ఇరవై మంది పేర్లు, వయసులు, ఎదురుగా రాసిన జబ్బు పేర్లు చదివేసేవారు. ఒకరోజు ఒకావిడ వేలు మధ్యలో ఆగిపోయి, తమ వీధి అమ్మాయి పేరు దగ్గర "మూర్ఛ" అన్న మాటను గొంతెత్తి చదివింది. ఆ అమ్మాయి అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నది. ఆ మరునాడే రిజిస్టరులో జబ్బు గడి తీసివేశాము. ఇప్పుడు రిజిస్టరు మూసి సొరుగులో ఉంటుంది, టోకెన్ నంబరు మాత్రమే పిలుస్తాము. ఆ అమ్మాయి మళ్లీ మా దగ్గరికి రాలేదు. మీ బల్ల మీద ఏముందో ఒక్కసారి రోగి నిలబడే వైపు నుంచి చూడండి.

పాత ఫైళ్లలో చేరిన రోగుల కేసు షీట్లు మూడేళ్లు, గర్భిణుల స్కానింగ్‌కు సంబంధించిన ఎఫ్ ఫారాలు రెండేళ్లు, గర్భస్రావాల రిజిస్టరు ఐదేళ్లు ఉంచాలి. కోర్టులోగాని కమిషన్‌లోగాని వ్యవహారం నడుస్తున్న ఫైలును అది తేలేవరకు ముట్టుకోవద్దు. పసిపిల్లలవి, దీర్ఘకాలిక జబ్బుల వారివి ఎక్కువ కాలం ఉంచడం మంచిదని నా అభిప్రాయం. తీసివేయవలసినవాటిని పాత కాగితాల వాడికి కిలోల లెక్కన అమ్మనివ్వకండి. బస్టాండులో నేను కొన్న పల్లీల పొట్లం విప్పితే, ఒక మనిషి పేరు, వయసు, ఊరు, మూత్రపరీక్ష ఫలితాలు కనబడ్డాయి. ముందుగా ఫైలు నంబర్ల జాబితా రాసి, డాక్టరు గారి సంతకం తీసుకుని, ముక్కలు చేసే యంత్రంలో వేయించండి. యంత్రం లేకపోతే ముందుగా చేతితో చింపి, నీళ్ల డ్రమ్ములో రాత్రంతా నాననిచ్చి, గుజ్జుగా మారాక పారవేయండి. ఆ పని పూర్తయ్యేవరకు మీరు పక్కనే ఉండి, జాబితా కింద తేదీ వేసి మీరూ సంతకం చేయండి.